అప్పుల్లో ఉన్న ఇంట్లో దశమభాగం ఎలా ఇవ్వాలి?

ప్రశ్న

ప్రభువు నామమున అందరికీ వందనములు. విశ్వాసంలోకి వచ్చిన నాటినుండి నేను దశమభాగం, అంటే రాబడిలో పదో వంతు దేవునికి ఇవ్వడం, మానలేదు. నా భర్త ఆరోగ్యం దెబ్బతిని పని మానుకోవలసి వచ్చాక ఇల్లు గడవడానికి నా సంపాదన ఒక్కటే ఆధారమైంది. అదైనా పని దొరికిన నెలలో ఒకలా, దొరకని నెలలో మరొకలా ఉంటుంది. వైద్యానికి చేసిన అప్పుకు వడ్డీ కూడా కట్టుకోవాలి. డబ్బు చేతికి రాగానే పదో వంతు తీసి విడిగా ఒక కవరులో పెడుతున్నాను గాని, నెలాఖరుకు మందుల చీటీ పట్టుకొని ఆ కవరునే తెరవవలసి వస్తోంది.

మా సంఘంలో దశమభాగం ఇచ్చినవారి పేర్లు ఆరాధనలో చదువుతారు. ఇవ్వనివారు మలాకీ 3వ అధ్యాయం ప్రకారం దేవుని సొమ్ము దొంగిలించినవారనీ, వారి ఇంట రోగం తగ్గకపోవడానికి అదే కారణమనీ ప్రసంగంలో చెబుతారు. కరువులో తన చివరి పిడికెడు పిండితో ఏలీయా ప్రవక్తకు అప్పం చేసిపెట్టిన సారెపతు విధవరాలిని చూపించి, అప్పు తెచ్చైనా ఇమ్మని కొందరు సలహా ఇస్తున్నారు. నేను తప్పించుకునే దారి అడగడం లేదు; ఇవ్వాలనే నా కోరిక. ఇవ్వలేకపోయిన నెలలో నేను దేవుణ్ణి నమ్మనట్టేనా? వాక్యం ఎరిగినవారు దయచేసి చెప్పండి.

మొదటి జవాబు

సహోదరీ, మీ భర్త స్వస్థత కొరకు ప్రార్థిస్తున్నాము. దశమభాగాన్ని తేలికగా తీసుకోవద్దని మాత్రం ప్రేమతో మనవి చేస్తున్నాను. అది మోషే ధర్మశాస్త్రంతో మొదలైనది కాదు. అబ్రాహాము యాజకుడూ రాజూ అయిన మెల్కీసెదెకుకు పదో వంతు ఇచ్చాడు, యాకోబు బేతేలులో తన రాబడి అంతటిలో పదో వంతు ఇస్తానని మ్రొక్కుకున్నాడు. పుదీనాలోను జీలకర్రలోను పదో వంతు చెల్లిస్తూ న్యాయాన్ని, కనికరాన్ని విడిచిపెట్టిన పరిసయ్యులతో యేసు ప్రభువు, వీటిని చేయవలసిందే, వాటిని మానకూడదు అన్నాడే గాని చెల్లించడం ఆపమని అనలేదు. మా తల్లిదండ్రులు చాలా కొద్ది రాబడిలోనే దేవునికి ముందుగా తీసిపెట్టేవారు. మిగిలితే ఇద్దామని కూర్చుంటే ఎవరికీ ఎన్నడూ మిగలదని నేను వారిని చూసి నేర్చుకున్నాను. అయితే పేర్లు చదవడం నాకు సమ్మతం కాదు. ధర్మం చేసేటప్పుడు కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని చెప్పిన ప్రభువు సన్నిధిలో అలాంటి జాబితాకు చోటు లేదు.

రెండవ జవాబు (ఒక సంఘ కాపరి)

పైన వ్రాసినవారి భక్తిని గౌరవిస్తున్నాను. దేవునికి ముందుగా తీసిపెట్టడం మంచి అలవాటనే మాటతో నాకు పేచీ లేదు. కాని ఈ సహోదరి మీద మోపిన భారం వాక్యంలో నుండి వచ్చినది కాదని గట్టిగా చెప్పవలసి ఉంది.

అబ్రాహాము పదో వంతు ఇచ్చింది యుద్ధంలో దొరికిన కొల్లసొమ్ములో నుండి, అదీ ఒక్క సందర్భంలో. యాకోబుది తనంతట తాను చేసుకున్న మ్రొక్కుబడి. ధర్మశాస్త్రం దశమభాగాన్ని విధించినప్పుడు భూమి పంటను, చెట్ల ఫలాలను, పశువుల మందలను లెక్కలోకి తీసుకుంది. దానిని మందిర సేవ చేసే లేవీయులకు ఇవ్వడానికి కారణం కూడా సంఖ్యాకాండము 18వ అధ్యాయంలోనే ఉంది: వారికి దేశంలో భూస్వాస్థ్యం లేదు. ఇక ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయం చివరి వచనాలను మన సంఘాలలో ఎంత అరుదుగా చదువుతామో ఆలోచించండి. మూడేసి సంవత్సరాలకు ఒకసారి ఆ యేటి దశమభాగాన్ని ఊళ్లోనే నిలువ ఉంచి, లేవీయులతో పాటు పరదేశులు, తండ్రిలేనివారు, విధవరాండ్రు తిని తృప్తిపొందేలా చూడాలని అక్కడ ఆజ్ఞ ఉంది. అంటే, పూట గడవనివారు ఆ పంపకం దగ్గర పుచ్చుకునేవారి వరుసలో నిలబడ్డారు.

మలాకీ 3వ అధ్యాయాన్ని చదివేవారు, దశమభాగం తెమ్మనే 10వ వచనం దగ్గర మొదలుపెట్టకుండా 5వ వచనం నుండి చదవాలి. కూలివారి కూలి విషయంలో వారిని బాధపెట్టేవారి మీద, విధవరాండ్రను, తండ్రిలేనివారిని హింసించేవారి మీద దేవుడు తానే సాక్షిగా నిలుస్తానని అక్కడ హెచ్చరించాడు. అదే అధ్యాయాన్ని రోగి ఉన్న ఇంటి మీదికి శాపంగా విసరడం నాకు బాధ కలిగిస్తోంది. ఒకడు గుడ్డివాడుగా పుట్టడానికి ఎవరి పాపం కారణమని శిష్యులు అడిగినప్పుడు, అతడు గాని అతని తల్లిదండ్రులు గాని పాపం చేసినందుకు కాదని ప్రభువు అన్నాడు; యోహాను సువార్త 9వ అధ్యాయంలో చూడండి.

సారెపతు విధవరాలి విషయానికి వస్తే, ఏలీయా ఆమెను అప్పు తెమ్మనలేదు. ఆమె దగ్గర ఉన్న పిడికెడు పిండిలోనే తనకు ఒక చిన్న అప్పం చేసిమ్మన్నాడు. అడిగినప్పుడే, పిండి తక్కువ కాదు, నూనె అయిపోదు అనే దేవుని మాటను ఆమెకు ఇచ్చాడు. ఆ కథ చివర ఆమె ఇంటివారంతా అనేక దినాలు భోజనం చేశారు. కానుకపెట్టెలో రెండు కాసులు వేసిన విధవరాలిని ప్రభువు మెచ్చుకున్నాడన్నదీ నిజమే. అయితే అంతకు ముందు వచనాలలోనే, విధవరాండ్ర ఇండ్లను దిగమ్రింగే శాస్త్రులను ఆయన గద్దించాడు. ఈ రెండింటినీ లూకా, మార్కు ప్రక్కప్రక్కనే వ్రాశారు.

ప్రశ్న అడిగిన సహోదరి

అయ్యగారూ, వందనములు. మలాకీలో ఆ 5వ వచనాన్ని నేను ఎన్నడూ ఇలా గమనించలేదు. అయితే ఒక మాట అడగాలని ఉంది. పదో వంతు కంటే తక్కువ ఇస్తే దేవుడు అంగీకరిస్తాడా? అప్పు తీరేవరకు పూర్తిగా ఆపేయమంటే నా మనసు ఒప్పుకోవడం లేదు. వట్టి చేతులతో ఆరాధనలో కూర్చోవడం నాకు కష్టంగా ఉంది.

రెండవ జవాబు ఇచ్చిన కాపరి

అంగీకరిస్తాడు, అమ్మా. గొఱ్ఱెపిల్లను తేలేనివాడు రెండు పక్షులను, అవీ తేలేనివాడు కొంచెం గోధుమపిండిని తేవచ్చునని లేవీయకాండము 5వ అధ్యాయంలో దేవుడే మెట్లు దించాడు. శిశువైన యేసును మందిరానికి తెచ్చినప్పుడు మరియ యోసేపులు అర్పించినది కూడా బీదలు తెచ్చే పక్షుల జతనే. మొదట సిద్ధమైన మనస్సు ఉంటే, కలిగినదానిని బట్టియే గాని లేనిదానిని బట్టి కాదని పౌలు 2 కొరింథీయులకు 8:12లో వ్రాశాడు. సణుగుకొనకుండా, బలవంతం లేకుండా ఎవరి హృదయంలో వారు నిశ్చయించుకున్నంత ఇవ్వాలన్నది ఆ తరువాతి అధ్యాయంలోనే ఉంది.

అప్పు తెచ్చి కానుక వేయడం విశ్వాసమని నేను ఎంతమాత్రం చెప్పలేను. 1830లో జీతం తీసుకోవడం మానుకొని, 1836లో బ్రిస్టల్ నగరంలో అనాథ పిల్లలకు ఇల్లు తెరిచిన జార్జి ముల్లర్ దేవుని మీద ఆధారపడటంలో ఎందరికో మాదిరి. ఎవరికీ ఏమీ అప్పుండవద్దని చెప్పే రోమా 13:8ని ఆయన అక్షరాలా పాటించి, అనాథలకోసమైనా అప్పు చేయనని నిలబడ్డాడు. తన స్వంత ఇంటివారిని సంరక్షించనివాడు విశ్వాసాన్ని విడిచినవాడని 1 తిమోతికి 5:8 చెబుతోంది. కాబట్టి ఆ కవరు తెరిచి మీ భర్తకు మందు కొన్నప్పుడు మీరు దేవుని దగ్గర ఏమీ దొంగిలించలేదు. తలిదండ్రులకు అందవలసినదానిని కొర్బాను, అంటే దేవునికి అర్పించినది, అని చెప్పి తప్పించినవారినే ప్రభువు గద్దించాడు.

మూడవ జవాబు

మా సంఘంలో కానుకల లెక్కలు చూసేవారిలో నేనొకతెను, సహోదరీ. అప్పు వాయిదా, మందులు, ఇంటి ఖర్చు ముందుగా ఒక కాగితం మీద వ్రాసుకొని, ఆ నెలలో మనస్ఫూర్తిగా ఇవ్వగలిగిన మొత్తాన్ని భార్యాభర్తలిద్దరూ ప్రార్థనలో నిర్ణయించుకోండి. పని లేని నెలలో అది తగ్గితే తగ్గనివ్వండి. 1 కొరింథీయులకు 16:2లో పౌలు చెప్పినదీ ఎవరి వర్ధిల్లతను బట్టి వారు తీసిపెట్టుకోమనే.

మరొక మాట ఇంకా ముఖ్యమని నా అభిప్రాయం. మీ అవసరాన్ని సంఘ పెద్దలకు తెలియజేయండి. సుమారు క్రీ.శ. 197లో తెర్తుల్లియన్ అనే క్రైస్తవ రచయిత తన కాలపు సంఘాల గురించి వ్రాస్తూ, విశ్వాసులు నెలకొకసారి ఇష్టమైతే, శక్తి ఉంటేనే కొంత వేస్తారని, ఎవరినీ బలవంతపెట్టరని, ఆ డబ్బు బీదల తిండికి, వారి భూస్థాపనకు, దిక్కులేని పిల్లలకు, వృద్ధులకు ఖర్చవుతుందని చెప్పాడు. దశమభాగం ఇవ్వనివారిని వెలివేయాలన్న ఆజ్ఞ క్రీ.శ. 585లో నేటి ఫ్రాన్సులోని మాకాన్ నగరంలో జరిగిన బిషపుల సభ చేసింది. అంటే అది అపొస్తలుల తరువాత శతాబ్దాలు గడిచాక వచ్చిన సంగతి.

పెద్దల దగ్గరకు ఒంటరిగా వెళ్లకుండా, మీరు నమ్మే ఒక పెద్ద వయసు విశ్వాసురాలిని వెంటబెట్టుకొని వెళ్లండి. వైద్యపు ఖర్చు ఎంతో, అప్పు ఎంతో, వాయిదా ఎప్పుడో ఆ కాగితం చూపించి నేరుగా చెప్పండి. పేర్ల జాబితాలో మీ పేరు వ్రాయవద్దని కూడా అప్పుడే అడగండి. వారు వినకపోతే ఇక్కడ మరల వ్రాయండి, తరువాత ఏమి చేయాలో కలిసి ఆలోచిద్దాము.