బలిమెల జలాశయంలో బొచ్చె ఎదుగుదల లెక్క: పొడవులు చాలా, పొలుసులు కూడా చూడాలా?

రేవుకాటా, చిత్రకొండ: బలిమెలలో బొచ్చె ఏడాదికి ఎంత ఎదుగుతోందో తేల్చాలి. ఏడాదిపాటు నెలనెలా పొడవు, బరువు రాసుకుంటే చాలా?

జయపురం వల: ముందు ఎక్కడ కొలుస్తున్నారో చెప్పండి. కమీషన్ దుకాణం దగ్గరైతే వద్దు. అక్కడికి చేరేసరికి సైజులవారీగా ఏరేసి ఉంటారు, చిన్నవి ఇళ్లకు పోయి ఉంటాయి. పడవ ఒడ్డుకు తగలగానే, ఎంచుకున్న పడవలో పడ్డవన్నీ కొలవాలి. ముక్కు కొస నుంచి తోక చీలిక లోపలి అంచు దాకా తీసుకోండి. తోక కొసలు వలలో చిరుగుతాయి, మొత్తం పొడవు ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది. ఏ పొడవైనా సరే, మధ్యలో మాత్రం మార్చొద్దు. ఐసులో పెట్టినదాన్ని, తాజాదాన్ని ఒకే పట్టికలో కలపొద్దు.

రేవుకాటా, చిత్రకొండ: అలాగే. వల కన్ను సంగతి?

జయపురం వల: అసలు చిక్కు అక్కడే. టంగూసు వల ఒక్కో కన్నుకు ఒక ఇరుకు సైజునే పట్టుకుంటుంది. చలికాలంలో చిన్న కన్ను, ఎండాకాలంలో పెద్ద కన్ను వేశారనుకోండి, పట్టికలో చేప ఎదిగినట్టే కనిపిస్తుంది. మారింది వల. అందుకే ప్రతి నెలా అవే కన్నులు, అన్నీ వేయించాలి. ప్రతి చేప పక్కన అది పడిన కన్ను రాయాలి.

పర్లాకిమిడి లెక్కలు: లెక్కకు బెర్టలాన్‌ఫీ సమీకరణమే వాడతారు. చేప చేరగల సగటు గరిష్ఠ పొడవు ఒకటి, దాన్ని ఎంత వేగంగా అందుకుంటుందో చెప్పే కె ఒకటి. ఉదాహరణకు గరిష్ఠం 100 సెంటీమీటర్లు, కె 0.3 అనుకుంటే తొలి ఏడాదికి సుమారు 26, రెండో ఏటికి 45, మూడో ఏటికి 59. కంప్యూటర్ ఇచ్చిన జంటను ఇలా చేత్తో ఓసారి వేసి చూడండి. రేవులో చూసేదానికి పొంతన లేకపోతే ఆ జంటను నమ్మొద్దు. నెలవారీ పట్టికను 2 సెంటీమీటర్ల గుంపులుగా చేస్తే ఫైశాట్ అనే కంప్యూటర్ ప్రోగ్రాంలో, పొడవుల పట్టిక నుంచి ఎదుగుదల లెక్కగట్టే ఎలెఫాన్ పని మొదలుపెడుతుంది. చేపలు తక్కువైతే గుంపు వెడల్పు పెంచండి. లేకపోతే ప్రతి చిన్న ఎగుడుదిగుడూ ఒకే వయసు చేపల తరంలా కనిపిస్తుంది.

గుణుపురం పొలుసు: పొలుసులు తప్పకుండా చూడాలి అన్నా, వాటి మీది ఉంగరాలను బట్టి వయసు అంచనా వేయొచ్చు. చేప ఒంటి పక్కన తల నుంచి తోక దాకా ఉండే గీతకు పైన, వెన్నురెక్క కింద నుంచి ఐదారు తీసి, జిగురు కడిగి, రెండు గాజు పలకల మధ్య ఆరబెట్టండి. నడిమి భాగం గీతలు లేకుండా మసకగా ఉంటే అది ఊడి మళ్లీ మొలిచినది, పారేయండి. మన నీళ్లలో మంచు కురిసే చలి లేదు కాబట్టి ఉంగరం ఏటికొకటే పడుతుందని ముందే అనుకోవద్దు. గుడ్లు పెట్టడం వల్లా, మేత తగ్గడం వల్లా పడొచ్చు. చివరి ఉంగరానికీ అంచుకూ మధ్య దూరం నెలనెలా కొలవండి. ఏడాదిలో ఒక్కసారే బాగా తగ్గితేనే ఏటికొక ఉంగరం. వయసు కోసం చేప తలలోని చెవిరాయి జోలికి తొందరపడి వెళ్లొద్దు, బొచ్చె జాతిలో ఒక జత రాయి సూదిలా సన్నగా ఉండి విరిగిపోతుంది.

జయపురం వల: జలాశయంలో చేపపిల్లలు వదిలిన తేదీలు, అప్పటి పొడవులు సంపాదించండి. బొచ్చెకు పారే వరద నీరు లేనిదే గుడ్లు పెట్టడం కష్టం, కాబట్టి చాలావరకు వదిలిన పిల్లలే. వయసు సరిచూసుకోడానికి అంతకన్నా గట్టి ఆధారం లేదు. రెండుమూడు దఫాలు వదిలితే తరాలు కలిసిపోతాయి, కొన్నింటి రెక్క కొస కత్తిరించి వదిలిస్తే గుర్తుపట్టొచ్చు.

రేవుకాటా, చిత్రకొండ: వరద నెలల్లో వల వేయరు. ఆ ఖాళీకి ముందు వెనక నెలల సగటు పెట్టనా?

పర్లాకిమిడి లెక్కలు: వద్దు. ఖాళీగానే ఉంచి, ఉన్న నమూనాలకు అసలు తేదీలు ఇవ్వండి. ఎలెఫాన్ తేదీల మధ్య ఎడాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. సగటు పెడితే ఉన్నదీ చెడుతుంది.