బందరులో ఒకరోజు: ఏం చూడాలి, ఎలా తిరగాలి?

ప్రయాణప్రియ: వచ్చే నెల మా నాన్నగారిని, ఇద్దరు పిల్లల్ని తీసుకుని విజయవాడ నుంచి మచిలీపట్నం, అదే బందరు, వెళ్దామనుకుంటున్నాం. ఎవర్ని అడిగినా "బీచ్ చూసి, లడ్డు కొనుక్కుని వచ్చేయండి" అంటున్నారు. అంత పాత రేవులో అంతకుమించి ఏమీ లేదా? తిరిగినవాళ్లు చెప్పండి.

కోటవీధి: లేకపోవడమేంటండీ! మాది బందరే. ముందు డచ్చివాళ్ల సమాధులకు వెళ్లండి. 17వ శతాబ్దంలో వ్యాపారానికి వచ్చి ఇక్కడే కన్నుమూసినవాళ్లవి. రాతిపలకల మీద వంశచిహ్నాలు, అక్షరాలు చెక్కి ఉంటాయి. పొద్దున్నే ఏటవాలు ఎండలో వెళ్తే చెక్కడం బాగా తెలుస్తుంది, మిట్టమధ్యాహ్నం ఏమీ కనిపించదు. ఒకసారి మేం వెళ్లేసరికి గేటుకి తాళం ఉంది. పక్కనవాళ్లని అడిగితే తాళం ఎవరి దగ్గరుందో చెప్పారు. మీరూ అడగండి, వెనక్కి వచ్చేయకండి.

బందరుకోటలో ఇప్పుడు మిగిలినవి కొన్ని శిథిలాలే. అయినా అక్కడ కాసేపు నిలబడాలి. ఆంగ్లేయులు 1611లో ఈ ఊళ్లో వర్తక స్థావరం పెట్టారు, డచ్చివాళ్లు అంతకుముందే వచ్చారు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన ఈ ఊరిని ముంచేసింది. దాదాపు 30 వేలమంది పోయారు. పిల్లలకి ఆ సంగతి అక్కడే చెప్పండి, ఎంత పెద్ద రేవు ఎలా దెబ్బతిందో వాళ్లకి అర్థమవుతుంది.

అద్దకం_అభిమాని: కోటవీధి గారు చెప్పిన వర్తకులంతా ముఖ్యంగా మన అద్దకం బట్టల కోసం వచ్చినవాళ్లు. ఆ పని ఇప్పటికీ జరుగుతున్న చోటు పెడన. బందరుకి పది కిలోమీటర్ల దూరం, రైలు కూడా ఆగుతుంది. నా మాట వినండి, బీచ్ మానేసినా పెడన మానకండి.

బట్టని ముందు కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరబెడతారు. పాత ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానబెడితే నల్లరంగు వస్తుంది. ఎరుపు రావాల్సిన చోట పటిక అద్దుతారు. అద్దినప్పుడు ఎరుపు కనిపించదు, తర్వాత రంగునీళ్లలో ఉడకబెడితే పటిక తగిలిన చోటే పట్టుకుంటుంది. మా పాప అది చూసి కదల్లేదు. టేకు అచ్చు మీద అరచేత్తో ఒక్క దెబ్బ, పక్కన ఇంకో దెబ్బ, గీతకి గీత అతుక్కుపోతుంది. అనుమతి అడిగి ఫొటోలు తీసుకోండి. వీలైతే ఒక దుప్పటైనా కొనండి, చేతి అచ్చుదో స్క్రీన్ ప్రింటో అడిగి మరీ కొనండి.

దివి_కుర్రాడు: అన్నా, మంగినపూడి బీచ్ గురించి ఒక మాట. అక్కడ ఇసుక కన్నా నల్లమన్ను ఎక్కువ. చాలా దూరం లోతు ఉండదు కాబట్టి పిల్లలు ధైర్యంగా ముందుకు పోతారు, ఒక కన్నేసి ఉంచాలి. కార్తీక పున్నమికి స్నానాల జనం విపరీతం, పెద్దాయనతో ఆ రోజు వద్దు. మా తాతగారు 1977 ఉప్పెనలో దివిసీమలో చెట్టెక్కి బతికారు. సముద్రం పక్కన పెరిగినవాడిగా చెప్తున్నాను, గాలివాన హెచ్చరిక ఉంటే ప్రయాణం వాయిదా వేసుకోండి.

కోటవీధి: నాన్నగారికి చిలకలపూడి పాండురంగస్వామి గుడి నచ్చుతుంది. లడ్డు సంగతి: బందరు లడ్డుకి 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ), అంటే ఇది ఈ ఊరి ప్రత్యేక సరుకు అనే అధికారిక గుర్తింపు, వచ్చింది. శనగపిండితో కారప్పూసలాగా వేయించి, దంచి, జల్లించి, బెల్లం పాకం, నెయ్యి పోసి మళ్లీ రోట్లో దంచుతారు. తొక్కుడు లడ్డు అని అందుకే అంటారు. తాజాగా చేసినప్పుడు కొనండి.

ప్రయాణప్రియ: ఇవన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన కుర్రతనంలో రెండేళ్లు బందరులో చదివారు, పెడన మాత్రం ఎప్పుడూ చూడలేదట. ముందు అక్కడికే అంటున్నారు. ఒక రాత్రి ఉండేలా చూసుకుంటాం. ఆదివారం వెళ్తే పని జరుగుతుందా?

అద్దకం_అభిమాని: మామూలు రోజైతే మేలండీ. అన్నిటికన్నా ముఖ్యం, ఎండ కాసే రోజు చూసుకోండి. ముసురు పడితే బట్ట ఆరదు, పని ఆగిపోతుంది.