నీలి రక్తం ఇంకా తీయాలా? నాడా పీత మీద ఒక చర్చ

కెరటం:
పోయిన నెల ఒడిశాలోని చాందీపుర్ వెళ్లాం. ఆటు వేళ అక్కడ సముద్రం కిలోమీటర్ల కొద్దీ వెనక్కి పోతుంది. ఆ బురద ఇసుకలో నడుస్తుంటే మా అబ్బాయి ఇనుప టోపీ లాంటిది చూసి ఆగిపోయాడు. తిరగేస్తే అయిదు జతల కాళ్లు, వెనక మేకు లాంటి తోక. ప్రాణంతోనే ఉంది. గుర్రపునాడా పీతను నేను కళ్లారా చూడటం అదే మొదటిసారి. (కొందరు గుర్రపుడెక్క పీత అంటున్నారు. మన చెరువుల్ని కమ్మేసే కలుపు మొక్క పేరు కూడా అదే కాబట్టి నాకు నాడా పీతే నయమనిపిస్తుంది.)

ఇంటికొచ్చి చదివితే మతిపోయింది. పేరుకే పీత, చుట్టరికం సాలీళ్లతో, తేళ్లతో. ఈ వంశానివి 44 కోట్ల ఏళ్ల నాటి శిలాజాలు కెనడాలో దొరికాయి. రక్తం నీలం. ఆ రక్తం కోసమే అమెరికా తూర్పు తీరంలో ఏటా లక్షల పీతల్ని పడతారు. వరసగా బల్లలకు బిగించి, వీపు మడత దగ్గర సూది గుచ్చి, ఒంట్లోని రక్తంలో మూడో వంతు దాకా తీసి మళ్లీ సముద్రంలో వదులుతారు. ఆ రక్తంతో చేసిన పొడితోనే మనం వేయించుకునే ఇంజెక్షన్లను పరీక్షిస్తారు.

ఇంతవరకూ ఒప్పుకుంటాను. కానీ అదే పని చేసే కృత్రిమ పదార్థం 2003 నుంచే బజారులో దొరుకుతోంది. మరి ఇంకా రక్తమెందుకు? ఈ పని వెంటనే ఆపాలని నా అభిప్రాయం. ల్యాబుల్లో పనిచేసేవారు ఉంటే కాదనండి, వింటాను.

ల్యాబు కోటు:
కెరటం గారూ, కాదనడానికే వచ్చాను. హైదరాబాద్ శివారులో ఇంజెక్షన్లు తయారుచేసే ఒక కంపెనీలో నాణ్యత పరీక్షల విభాగంలో 11 ఏళ్లుగా ఉన్నాను. ఆ పీత రక్తం పొడి రోజూ నా చేతుల మీదుగానే పోతుంది. అమెరికా నుంచి చిన్న చిన్న సీసాల్లో వస్తుంది. పీతను మాత్రం ఇంతవరకూ చూడలేదు.

ఈ పరీక్ష ఎందుకో ముందు చెప్పాలి. బాక్టీరియాను ఆటోక్లేవులో, అంటే ఒత్తిడితో ఆవిరి పట్టే పాత్రలో, పెట్టి చంపేయవచ్చు. చచ్చిన బాక్టీరియా గోడల ముక్కలు మాత్రం మందులో మిగిలిపోతాయి. వాటినే ఎండోటాక్సిన్ అంటాం. ఆటోక్లేవు వేడికి అవి చావవు, చావడానికి వాటికి ప్రాణమంటూ ఉండాలి కదా. గాజు సీసాలనైతే 250 డిగ్రీల పొడి వేడిలో అరగంట ఉంచి వదిలిస్తాం. మందునే అలా కాల్చలేం. అవి సెలైన్‌తో పాటు రక్తంలోకి వెళితే మొదట చలి, వణుకు, జ్వరం. ఎక్కువైతే బీపీ పడిపోయి మనిషే పోవచ్చు. అందుకే నరానికి ఇచ్చే మందులో ఎండోటాక్సిన్, రోగి ఒంటి కిలో బరువుకు గంటకు 5 యూనిట్లు దాటకూడదని పరిమితి. వెన్నులోకి ఇచ్చే మందుకైతే 0.2 మాత్రమే.

పరీక్ష చూడటానికి పిల్లల ఆటలా ఉంటుంది. చిన్న గాజు గొట్టంలో పీత రక్తపు పొడి కలిపిన ద్రవం, దానికి సమానంగా నమూనా. 37 డిగ్రీల దగ్గర గంటసేపు కదపకుండా ఉంచి, తీసి తలకిందులు చేయాలి. లోపలిది గడ్డకట్టి జారకుండా నిలబడితే ఎండోటాక్సిన్ ఉన్నట్టు, నీళ్లలా జారితే లేనట్టు. తిప్పేటప్పుడు చెయ్యి వణికితే గడ్డ చెదిరి ఫలితమే తారుమారవుతుంది. ఇన్నేళ్లయినా ఊపిరి బిగబట్టే తిప్పుతాను.

వెంటనే ఆపండి అంటున్నారు. రేపు ఉదయం నా బల్ల మీద ఉండే మందును నేను దేనితో పరీక్షించాలి?

అడ్డుప్రశ్న:
అసలు నాడా పీత రాకముందు ఏం చేసేవారో కూడా చెప్పుకుందాం. కుందేలు చెవి నరంలోకి మందు ఎక్కించి, మూడు గంటలు దాని జ్వరం చూసేవారు. ప్రతి మందుకూ, ప్రతి బ్యాచికీ కుందేళ్లే. అమెరికాలోని వుడ్స్ హోల్‌లో ఫ్రెడరిక్ బ్యాంగ్ అనే వైద్య శాస్త్రవేత్త, ఒక రకం బాక్టీరియా సోకిన నాడా పీత రక్తం మొత్తంగా జిగురులా గడ్డకట్టడం గమనించి 1956లో రాశాడు. తరవాత జాక్ లెవిన్‌తో కలిసి దాన్ని పరీక్షగా మలిచాడు. 1977లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ కుందేలు బదులు దీన్ని వాడవచ్చని ఒప్పుకుంది. జంతువుల ప్రాణం గురించి బెంగపడేవారు ముందు ఆ పీతకు దండం పెట్టాలి, ఎన్ని కుందేళ్లను కాపాడిందో లెక్కలేదు.

ఇంకోమాట. ఆదివారం పీతల ఇగురు లాగించేవాళ్లం, సూది గుచ్చి వదిలేసిన పీత మీద కన్నీళ్లు కార్చడం నాకు కొంచెం వింతగానే ఉంది.

పాత మాస్టారు:
ఇగురు సంగతి అలా ఉంచండి నాయనా. దీనిలో వండుకోవడానికి పెద్దగా కండ ఉండదు. ముప్ఫయ్యేళ్లు జంతుశాస్త్రం చెప్పినవాడిగా రెండు మూడు మాటలు.

మన రక్తంలో ప్రాణవాయువును మోసేది ఇనుము, దానిలో మోసేది రాగి. గాలి తగిలితే నీలంగా కనిపిస్తుంది. అసలు విశేషం రంగులో లేదు. మనకున్నట్టు దానికి యాంటీబాడీలు లేవు. బతికేదేమో బాక్టీరియాతో కిటకిటలాడే బురదలో. చిన్న గాయమైనా లోపలికి శత్రువు వచ్చినట్టే. అందుకే రక్తకణాల్లో గడ్డకట్టే సరుకంతా సిద్ధంగా పెట్టుకుని ఉంటుంది. ఎండోటాక్సిన్ తగలగానే కణాలు పగిలి, ఆ సరుకు బయటపడి, వచ్చినవాటిని జిగురులో బంధిస్తుంది. ల్యాబు కోటు గారి గాజు గొట్టంలో జరిగేది ఇదే, గాయం మాత్రం ఉండదు.

దానికి పది కళ్లని చెబుతారు. తోక మీద కూడా కాంతిని పసిగట్టే భాగాలున్నాయి. ఈ పీత కంటి నరాల మీద చేసిన పనికే హాల్డన్ హార్ట్‌లైన్ 1967లో నోబెల్ పంచుకున్నాడు. మా తరగతిలో ఈ ముక్క చెప్పినప్పుడు నిద్రపోయేవాడు కూడా లేచి కూర్చునేవాడు. తోకను కొండి అనుకుని జనం భయపడతారు. అది కుట్టదు, వెల్లకిలా పడితే నేలకు పొడిచి తిరగబడటానికి దానికున్న కర్ర అది.

మన దేశంలో రెండు జాతులున్నాయి. ఒకటి కెరటం గారు చూసినది, ఒడిశా ఉత్తర తీరంలో ఎక్కువ. ఇంకొకటి సుందర్బన్ మడ అడవుల్లో. 2009లో వన్యప్రాణి సంరక్షణ చట్టం జాబితాలోకి ఎక్కించారు. ఇక్కడ వాటిని చంపుతున్నది సూదులు కావు. వలల్లో చిక్కుకుని చస్తున్నాయి, గుడ్లు పెట్టే ఇసుక ఒడ్లు పోయి తగ్గుతున్నాయి. కాబట్టి రక్తం ఆపితే పీత బతుకుతుందనడం సగం మాటే.

డెలావేర్ ఒడ్డున:
మాస్టారూ, నమస్కారం. ఆ సగం మాట నేను చూస్తున్న చోట చాలా పెద్దది.

న్యూజెర్సీలో పదిహేనేళ్లుగా ఉంటున్నాం. మే, జూన్ నెలల్లో పున్నమికి, అమావాస్యకు, రాత్రి పోటు వేళ డెలావేర్ అఖాతం ఒడ్డుకు గుడ్లు పెట్టడానికి నాడా పీతలు వేలల్లో వస్తాయి. ఆడది ముందు, దాని వీపు పట్టుకుని మగది వెనక. కెరటాల దెబ్బకు చాలా వెల్లకిలా పడిపోతాయి. తెల్లారి ఎండెక్కితే అలాగే మాడిపోతాయి. అనుమతి తీసుకుని మా స్వచ్ఛంద బృందం టార్చి లైట్లతో వెళ్లి వాటిని తిరగేసి వస్తుంది. తోక పట్టి లేపకూడదు, పెంకు అంచు పట్టుకోవాలి. మొదటి రాత్రి నాకు ఒళ్లు జలదరించింది. ఇప్పుడు మా అమ్మాయి నాకంటే వేగంగా తిప్పుతుంది.

ఆ గుడ్ల కోసం రెడ్ నాట్ అనే ఉల్లంకి జాతి పిట్టలు వస్తాయి. దక్షిణ అమెరికా కొస నుంచి ఆర్కిటిక్ దాకా వాటి ప్రయాణం. ఇక్కడ రెండు వారాలు ఆగి, గుడ్లు తిని బరువు దాదాపు రెట్టింపు చేసుకుంటేనే మిగతా దూరం ఎగరగలవు. 1980ల్లో ఈ అఖాతంలో ఒక్కసారి లెక్కిస్తే 90 వేలు దాటేవి. 2021లో 7 వేలు కూడా తేలలేదు. అంతకు చాలా ముందే, 2014 చివర్లో, ముప్పున్న జాతిగా ప్రకటించారు.

ఈ పాపమంతా మందుల కంపెనీలదే అనను. పాముచేపలకు, సముద్రపు నత్తలకు ఎరగా నాడా పీతను ముక్కలు కోసేవారు. 1990ల్లో అది విపరీతమైంది. న్యూజెర్సీ 2008లో ఎర కోసం పట్టడం ఆపేసింది. కొన్ని పొరుగు రాష్ట్రాల్లో పరిమితులతో ఇంకా సాగుతోంది. రక్తం తీసి వదిలినవాటిలో నూటికి 15 చస్తాయని అధికార అంచనా, 30 దాకా అని చెప్పే అధ్యయనాలూ ఉన్నాయి. బతికినవి కూడా నీరసించి ఒడ్డుకు రావడం తగ్గిస్తాయని పరిశోధకులు చూశారు. ఇది పెద్దదై గుడ్లు పెట్టడానికే పదేళ్లు పడుతుందని గుర్తుంచుకోండి. పోయిన పీత బదులు ఇంకోటి వచ్చేసరికి ల్యాబు కోటు గారి ఉద్యోగం వయసవుతుంది.

అడ్డుప్రశ్న:
పీతల బాధ అర్థమైంది. నా బిడ్డకు వేసే టీకా సంగతి చెప్పండి. కృత్రిమ పదార్థం ఒక్కటంటే ఒక్క బ్యాచిలో ఎండోటాక్సిన్‌ను పట్టలేకపోతే ఎవరిది బాధ్యత? యాభై ఏళ్ల అనుభవమున్న పరీక్షను పిట్టల కోసం మార్చాలా?

ల్యాబు కోటు:
ఈ ప్రశ్నకు మాత్రం నేను మీ పక్షాన నిలబడలేను.

కృత్రిమమంటే ఏదో రసాయనం కాదు. సింగపూర్ విశ్వవిద్యాలయంలో డింగ్ జీక్ లింగ్, బో హో అనే శాస్త్రవేత్త దంపతులు 1990ల్లో ఆ పీత జన్యువునే తీసుకుని, ఎండోటాక్సిన్‌ను మొదట పసిగట్టే ప్రొటీన్‌ను, అంటే ఫ్యాక్టర్ సి ని, కణాల్లో తయారుచేయించారు. పీత రక్తంలో కాపలా గుమ్మం దగ్గర నిలబడేది అదే. పీత లేకుండా కాపలావాణ్ణి మాత్రం తెచ్చుకున్నామన్నమాట. పైగా రక్తంతో ఒక చిక్కుంది. కొన్ని వడపోత కాగితాల నుంచి, శిలీంధ్రాల నుంచి వచ్చే గ్లూకాన్ అనే పదార్థానికి కూడా అది గడ్డకట్టి మమ్మల్ని పరుగులు పెట్టిస్తుంది. ఒకసారి రెండు రోజులు నిద్రలేకుండా వెతికి, చివరికి తప్పు మందుది కాదు, ఫిల్టరుదని తేల్చాం. కృత్రిమ ప్రొటీన్‌కు ఆ గొడవ లేదు.

2018లో ఈ పద్ధతిలో పరీక్షించిన మైగ్రేన్ ఇంజెక్షన్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది. యూరప్ ఔషధ ప్రమాణ గ్రంథంలో 2021 నుంచి ఇది ఉంది. అమెరికా గ్రంథంలో 2025 మేలో అమల్లోకి వచ్చింది. ఇన్నాళ్లు పట్టిందేమంటే, 2020లో అక్కడి ప్రమాణాల సంస్థ దీన్ని పాత పరీక్షతో సమానంగా పెట్టడానికి వెనకాడింది. కొత్తది వాడాలనుకునే కంపెనీ తన మందుకు అది సరిపోతుందని అదనంగా నిరూపించుకోవాలంది. పాతది వాడితే ఆ అదనపు పని లేదు. ఎవరు మారతారు చెప్పండి?

నా అసలు అభ్యంతరం అదే, కెరటం గారూ. ఒక్కో పాత మందుకూ మళ్లీ పరీక్ష పద్ధతిని నిరూపించాలి, కాగితాలు పంపాలి, అమ్ముతున్న ప్రతి దేశమూ ఒప్పుకునేదాకా ఆగాలి. మావి చవక మందులు, సీసా మీద రూపాయి లాభం చూసుకునేవి. పెద్ద కంపెనీ ఏడాదిలో చేసే పని మాకు అయిదేళ్లు. ఈలోగా ఆపేయమంటే మందే ఆగుతుంది.

కెరటం:
సరే, నా 'వెంటనే'ను వెనక్కి తీసుకుంటున్నాను. కానీ అయిదేళ్లు అన్న మాట పదేళ్లుగా వింటున్నామని డెలావేర్ ఒడ్డున గారు అంటారేమో. మందుల జోలికి పోకుండా ముందు మార్చగలిగేది ఏదీ లేదా?

డెలావేర్ ఒడ్డున:
ఉంది. 2018లో వచ్చిన ఒక అధ్యయనం అదే చెప్పింది. ఫ్యాక్టరీలో ఎక్కువ పరీక్షలు పూర్తయిన మందు మీద జరగవు. నీటి మీద, సాధారణ ముడిసరుకు మీద జరుగుతాయి. వాటిని కృత్రిమానికి మారిస్తే చాలు, పీత రక్తం వాడకం 90 శాతం తగ్గుతుందని వారి లెక్క. ల్యాబు కోటు గారూ, మీ దగ్గర నిజంగా అలాగే ఉంటుందా?

ల్యాబు కోటు:
నిన్నటి నా రిజిస్టరు తీసి చూశాను. 24 నమూనాలు. 19 నీటివే. ఇంజెక్షన్లకు వాడే నీరు తిరిగే గొట్టాల్లో కుళాయి కుళాయికీ, రోజూ. నీటికైతే మందు అనుమతులతో అంత ముడి ఉండదు, మా లోపలి పద్ధతి మార్చుకుని, రెండింటినీ కొన్నాళ్లు పక్కపక్కన నడిపి చూపించాలి. ఇన్నాళ్లూ ఎందుకు చేయలేదంటే ఎవరూ అడగలేదు. కొత్త యంత్రం కొనాలి కూడా, గడ్డ చూసినట్టు కంటితో చూసేది కాదది, వెలుగును కొలవాలి.

సోమవారం మా మేనేజరుకు ఒక పేజీ రాసిస్తాను. ఏమంటారో ఇక్కడ చెబుతాను. అడ్డుప్రశ్న గారూ, ఖర్చు గురించి ఆయన వేసే ప్రశ్నలన్నీ మీరే ముందు వేసి పెడితే నాకు తయారీ సులువవుతుంది.

అడ్డుప్రశ్న:
మొదటిది: యంత్రం ఖరీదెంత, ఎన్నేళ్లలో తిరిగొస్తుంది? మిగతావి రేపు.