పాస్‌పోర్ట్‌లో చిప్: బ్యాగులో ఉండగానే వివరాలు లాగేస్తారా?

హన్మకొండ_బిడ్డ:
అందరికీ నమస్తే. మా నాన్న పాస్‌పోర్ట్ రెన్యువల్‌కు వరంగల్ పోస్టాఫీస్ కేంద్రంలో ఇచ్చాం, మొన్న ఇంటికి వచ్చింది. అట్ట మీద కింద బంగారు రంగు చిన్న గుర్తు ఉంది, అంటే చిప్ ఉన్నదే. వచ్చే నెల నాన్న మస్కట్‌లో ఉన్న మా అన్న దగ్గరికి పోవాలి. ఈలోగా మా కాలనీ వాట్సాప్ గ్రూప్‌లో ఒక వీడియో వచ్చింది, ఎవడో చేతిలో చిన్న మిషన్ పట్టుకుని రైల్వే స్టేషన్‌లో జనం పక్క నుంచి నడిస్తే చాలు, బ్యాగులోని పాస్‌పోర్ట్ నుంచి ఫోటో, వేలిముద్రలు అన్నీ వాడికి వచ్చేస్తాయట. నాన్న ఊళ్లో పింఛను వేలిముద్ర పెట్టే తీసుకుంటాడు, ఆ ముద్రలు పోతే డబ్బులు పోతాయని భయం. వంటింట్లోని ఫాయిల్ తెచ్చి పాస్‌పోర్ట్‌ను రెండు చుట్లు చుట్టి బీరువాలో బట్టల కింద పెట్టాడు. చౌరస్తాలో ఒక షాపులో దీనికోసమే ప్రత్యేకమైన కవర్ అమ్ముతున్నారు, కొనాలా? అసలు ఎంతవరకు నిజం? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

కాజీపేట_నెట్‌వర్క్స్:
ముందు నాన్నగారికి ధైర్యం చెప్పండి. ఆ చిప్‌కు బ్యాటరీ లేదు, సిమ్ లేదు, జీపీఎస్ లేదు, కాబట్టి మనిషి ఎక్కడున్నాడో అది ఎవరికీ పంపలేదు. రీడర్, అంటే చిప్‌ను చదివే మిషన్, దగ్గరికి తెచ్చినప్పుడు దాని రేడియో తరంగాల నుంచి వచ్చే కరెంటుతోనే పనిచేస్తుంది, మామూలుగా అయితే 10 సెంటీమీటర్ల లోపు ఉండాలి.

అంత దగ్గరికి వచ్చినా అడగ్గానే వివరాలు ఇవ్వదు. ఫోటో ఉన్న పేజీ అడుగున బాణం గుర్తులతో రెండు లైన్లు ఉంటాయి చూడండి. అందులోని పాస్‌పోర్ట్ నంబర్, పుట్టిన తేదీ, గడువు తేదీ, ఈ మూడింటి నుంచే చిప్‌ను తెరిచే తాళంచెవి తయారవుతుంది. ఇమిగ్రేషన్ కౌంటర్‌లో పాస్‌పోర్ట్ తెరిచి ఆ పేజీని మిషన్ మీద పెట్టేది అందుకే. నా పాస్‌పోర్ట్‌ను ఓపెన్ సోర్స్ (కోడ్ ఎవరైనా చూడగలిగే) యాప్‌తో, నెట్ ఆపేసి, ఫోన్‌లో చదివి చూశాను. ముందు ఆ రెండు లైన్లను కెమెరాకు చూపించాలి, తర్వాత ఫోన్‌ను అట్టకు ఆనించి కదలకుండా పట్టుకోవాలి, కొంచెం జరిగినా మళ్లీ మొదటికే. పక్క నుంచి నడిచిపోయేవాడు మూసి ఉన్న పాస్‌పోర్ట్ నుంచి మొత్తం లాగేస్తాడంటే నేను నమ్మను.

అలాగని లోపాలు లేవని కాదు. 2006లో లూకాస్ గ్రున్‌వాల్డ్ అనే జర్మన్ నిపుణుడు పాస్‌పోర్ట్ చిప్‌లోని డేటాను వేరే చిప్‌లోకి కాపీ చేసి చూపించాడు. కాపీ చేయగలిగినా ఫోటోనో పేరునో మార్చితే, పాస్‌పోర్ట్ ఇచ్చిన దేశం చేసిన డిజిటల్ సంతకం సరిపోదు, దొరికిపోతుంది. కానీ ఆ సంతకాన్ని సరిచూసే డిజిటల్ తాళంచెవులు అవతలి దేశం దగ్గర ఉండాలి, వాళ్లు నిజంగా సరిచూడాలి, ఇక్కడే అసలు బలహీనత. 2010లో బర్మింగ్‌హామ్ యూనివర్సిటీ పరిశోధకులు ఇంకోటి చూపించారు: ఒక పాస్‌పోర్ట్‌కూ అసలైన రీడర్‌కూ మధ్య జరిగిన సంభాషణను ఒక్కసారి పట్టుకోగలిగితే, తర్వాత అదే పాస్‌పోర్ట్ మళ్లీ దగ్గరికి వచ్చినప్పుడు గుర్తుపట్టొచ్చు, వివరాలు మాత్రం చదవలేరు. ఎవరైనా పనిగట్టుకుని ఒక మనిషి వెంట పడితే ఇది ముప్పే, మనలాంటి మామూలు ప్రయాణికులను స్టేషన్‌లో దోచుకునే పద్ధతి కాదు.

కవర్ కొంటే నష్టం లేదు, అమెరికా వాళ్లయితే పాస్‌పోర్ట్ అట్టలోనే రేడియోను అడ్డుకునే లోహపు పొర పెట్టారు. కానీ దాని మీద ఎక్కువ డబ్బు పెట్టకండి.

జగిత్యాల_టు_దుబాయ్:
పై అన్న చెప్పిన తాళం సంగతి మళ్లీ ఒకసారి చదవండి. తాళం ఫోటో పేజీ మీదే అచ్చేసి ఉంది కదా, ఆ పేజీని మనం ఎంతమందికి ఇస్తున్నాం? గల్ఫ్‌కు పోయే ప్రతివాడూ ఏజెంట్‌కు, సబ్ ఏజెంట్‌కు, టికెట్లు చేసేవాడికి వాట్సాప్‌లో పంపుతాడు. మా దగ్గర ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో నా వీసా ప్రింట్ తీసుకుందామని పోతే డెస్క్‌టాప్ నిండా పాస్‌పోర్ట్ స్కాన్‌లే, పేర్లతో సహా, ఎవరు కూర్చున్నా కనిపించేలా. నాకు గుండె ఆగినంత పనైంది. దొంగకు చిప్ ఎందుకు చెప్పండి, పేరు, ఫోటో, నంబర్, చివరి పేజీలో అమ్మానాన్నల పేర్లు, అడ్రస్ అన్నీ అక్కడే ఉంటే? వాటితో మన పేరు మీద ఎవడేం చేస్తాడో మనకు తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. జిరాక్స్ ఇస్తే దాని మీద అడ్డంగా ఎందుకోసం ఇస్తున్నారో, తేదీతో సహా పెన్నుతో రాయండి. సెంటర్‌లో స్కాన్ చేయిస్తే పక్కనే నిలబడి డిలీట్ చేయించండి, రీసైకిల్ బిన్‌లో నుంచి కూడా.

పెద్దపల్లి_వాసి:
వేలిముద్రల భయం అర్థం చేసుకోగలను, మా జిల్లాలోనే జరిగింది కాబట్టి. 2018లో ధర్మారంలో సిమ్ కార్డులు అమ్మే ఒకతను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి భూముల దస్తావేజులు డౌన్‌లోడ్ చేసుకుని, వాటి మీద ఉన్న జనం వేలిముద్రలతో రబ్బరు ముద్రలు తయారుచేసి సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. చిప్ లేదు, రేడియో లేదు, కాగితం స్కాన్ చాలింది. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, వేలు మార్చుకోలేం కదా, అందుకే ప్రభుత్వం వీటిని ఎక్కడెక్కడ దాస్తోందో అడిగే హక్కు మనకుంది. యూరప్ పాస్‌పోర్టుల్లో వేలిముద్రలకు విడిగా ఇంకో తాళం ఉంటుంది, వాళ్లు అనుమతి ఇచ్చిన రీడర్లకే తెరుచుకుంటుంది.

మీరు ఈరోజే చేయాల్సింది, ఆధార్ అధికారిక యాప్‌లో నాన్నగారి బయోమెట్రిక్ (వేలిముద్రల వాడకం) లాక్ చేయడం. పింఛను రోజు కాసేపు తెరిచి, తర్వాత మళ్లీ లాక్ చేయొచ్చు.

హన్మకొండ_బిడ్డ:
చాలా థ్యాంక్స్ అన్నా అందరికీ. లాక్ చేసేశాను. కవర్ కొనడం లేదు. ఇంకో డౌట్, అక్కడ చిప్ పనిచేయకపోతే నాన్నను ఆపేస్తారా? ఆయనకు ఇంగ్లీష్ రాదు, కంగారుపడతాడు.

కాజీపేట_నెట్‌వర్క్స్:
చిప్ చెడిపోయినా గడువు వరకు పాస్‌పోర్ట్ చెల్లుతుందని అమెరికా విదేశాంగ శాఖ తమ పాస్‌పోర్టుల గురించి రాసింది. వివరాలన్నీ పేజీ మీద అచ్చై ఉంటాయి కాబట్టి అధికారులు చేత్తో సరిచూస్తారు, కాస్త టైం పట్టొచ్చు. అట్ట మడవకుండా, తడవకుండా చూసుకోండి. టికెట్, వీసా కాగితాలను పాస్‌పోర్ట్‌కు కలిపి స్టేపుల్ కొట్టే అలవాటు కొందరు ఏజెంట్లకు ఉంది, అస్సలు కొట్టనివ్వొద్దు. చిప్ పనిచేస్తోందా లేదా అని చూడటానికి ఏదో తెలియని యాప్ మాత్రం వేసుకోకండి, పేజీ ఫోటో, తాళం రెండూ మనమే వాడి చేతిలో పెట్టినట్టవుతుంది.