తొమ్మిది గుళ్ళు సరే, నడి గండమా గుండమా?

మానేటి గట్టు:
చిన్నప్పుడు సిరిసిల్ల దగ్గర మా ఊరికి పిట్టలదొర (కోతలు కోసి నవ్వించి అడుక్కునే వేషగాడు) వచ్చేవాడు. ఖాకీ బట్టలు, టోపీ, భుజాన కట్టె తుపాకి. అతని కోతలన్నీ మర్చిపోయాను గానీ ఒక్క ముక్క మాత్రం వదలట్లేదు: "తొమ్మిది గుళ్ళు తప్పినా నడి గండం తప్పదు." గండమా, గుండమా? అక్కడే తేలట్లేదు.

మొన్న న్యూ ఆర్లీన్స్‌లో ఒక మ్యూజియంలో లమాట్ రివాల్వర్ చూశాక ఈ గోల మళ్ళీ మొదలైంది. అద్దాల పెట్టెలో మూతి మన వైపుకి పెట్టారు. పైన ఒక గొట్టం, దాని కిందే చూపుడు వేలు దూరేంత ఇంకో గొట్టం. గుండ్రంగా తిరిగే దిమ్మలో తొమ్మిది గుళ్ళు. ఆ దిమ్మకి ఇరుసు వేరే లేదు, ఆ కింది గొట్టమే ఇరుసు. అందులో చిన్న గుళ్ళు పోసి ఒక్క దెబ్బ పేలుస్తారు. అంటే తొమ్మిదీ తప్పినా నడిమిది తప్పదు! మా తెలుగు సంఘం పిల్లల పత్రికకి "నల్లమందుతో పేలే వింత రివాల్వర్" అని ఒక పేజీ రాస్తున్నా. పిట్టలదొర మాటే దానికి పేరుగా పెడదామని ఆశ.

గుంటూరు మాస్టారు:
ముందు ఆ నల్లమందు తీసేయండి బాబూ. నల్లమందంటే అభిని. పిల్లల పత్రిక అంటున్నారు! బ్లాక్ పౌడర్‌కి "తుపాకి మందు" అన్న మాట ఉండనే ఉంది. పెట్లుప్పు 75 పాళ్ళు, బొగ్గు 15, గంధకం 10. పెట్లుప్పు అన్న మాటలోనే పేలుడు వినిపిస్తుంది, "నల్ల" అవసరమే లేదు.
ఇక మీ ప్రశ్న. గండమే. "తప్పదు" పక్కన గండం కాక ఇంకేముంటుంది?

తుంగభద్ర:
మాస్టారూ, తొందరపడకండి. పిట్టలదొర తెలంగాణ మనిషి. మా వైపు కండ్లు, పండ్లు, గుండ్లు అంటాం. తుపాకివి అయితే "తొమ్మిది గుండ్లు" అనేవాడు. "గుళ్ళు" అన్నాడంటే అవి గుడులే. తొమ్మిది గుళ్ళు ఒక్కచోట ఎక్కడున్నాయి? అలంపురంలో. నవబ్రహ్మలు, చాళుక్యులు కట్టినవి. తొమ్మిది గుళ్ళు తిరిగినా గుండంలో మునక తప్పదని అర్థం. గుండమే.

మానేటి గట్టు:
అన్నా, మాకు వేములవాడ కూతవేటు దూరం. గుండం అంటే మాకు అక్కడి గుడి కోనేరు ధర్మగుండమే. కానీ అక్కడ తొమ్మిది లెక్క కుదరదు కదా.

గుంటూరు మాస్టారు:
తుంగభద్ర గారి "ండ్ల" సిద్ధాంతం బాగుంది గానీ, పిట్టలదొర వేషమే దొర వేషం. దొరలా మాట్లాడాలని కావాలనే "గుళ్ళు" అని ఉండొచ్చు. లేదా మానేటి గట్టు గారు ఎన్నేళ్ళు కోస్తా హాస్టళ్ళలో ఉన్నారో అడగండి.

మానేటి గట్టు:
ఆరేళ్ళు. గుంటూరులోనే 🙂

పద్యాల పిచ్చి:
అందరూ "గుళ్ళు" దగ్గరే ఆగిపోయారు. గుండు అంటే మొదట రాయి. తుపాకులు రాకముందు నుంచే ఉంది. శ్రీనాథుడి చాటువు గుర్తు తెచ్చుకోండి: "నగరివాకిట నుండు నల్లగుండు". ఏడునూర్ల టంకాలు కట్టలేక కవిసార్వభౌముడు భుజాన మోసిన బండ. తెలుగులో అంతకంటే బరువైన గుండు ఇంకోటి లేదు. ఇంకో తమాషా చూడండి, తుపాకి గుండూ సీసమే, ఆ పద్యమూ సీసమే.

గుంటూరు మాస్టారు:
ఆ పాదంలో "నల్ల"ని వదిలేసి చదివితే సగం బరువు పోతుంది. "భుజాస్తంభమెక్కెను గదా" అన్నాక ఆ రెండు లకారాలు బండ దించినట్టు పడతాయి.

పద్యాల పిచ్చి:
దించినట్టు కాదండి, ఎత్తినట్టు. "ల్ల" దగ్గర ఊపిరి బిగబట్టాలి.

డాలస్ తమ్ముడు:
పెద్దలు క్షమించాలి, తుపాకి గురించి ఎవరూ మాట్లాడట్లేదు. దీన్ని చేసింది వైద్యుడు, జాన్ అలెగ్జాండర్ లమా (ఫ్రెంచివాడు, "ట్" పలకదు). 1856లో పేటెంటు. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది వాళ్ళకి ఎక్కువగా పారిస్‌లో చేయించి, నౌకా దిగ్బంధం తప్పించి తెచ్చారు. మొత్తం 2,900 దాకా చేశారు. దక్షిణాది సేనాని జనరల్ బోరెగార్డ్‌తో ఆయనకి బంధుత్వం కూడా ఉంది.
నన్నడిగితే రెండు పడవల మీద కాళ్ళు. తొమ్మిది అరల్లో ఒక్కోదానికీ మందు పోసి, గుండు దిగ్గొట్టి, వెనక దీపావళి తుపాకి బిళ్ళ లాంటి కేపు తొడగాలి. తర్వాత నడిమి గొట్టం పని వేరే. పైగా గుండు సైజు .42. అప్పట్లో సైన్యంలో ఎక్కువగా దొరికేవి .36, .44. పెళ్ళికొడుకు ఉన్నాడు, చెప్పులే కాలికి పట్టవు.

మానేటి గట్టు:
గుర్రం మీద ఉన్నవాడికి మళ్ళీ నింపే తీరిక ఎక్కడిది తమ్ముడూ? కోల్ట్ ఆరుతో ఆగిపోతుంది, ఇది తొమ్మిది కొట్టాక కూడా ఇంకోటి దాచుకుంటుంది. నాకు నచ్చింది సుత్తి ముక్కు. బొటనవేలితో అటు తిప్పితే పై గుండు, ఇటు తిప్పితే నడిమి దెబ్బ. దీన్ని ఇంగ్లీషులో "గ్రేప్ షాట్ రివాల్వర్" అంటారు. తెలుగులో ఏమందాం? "ద్రాక్ష గుళ్ళు" అని రాస్తే మా ఆవిడ నవ్వింది.

పద్యాల పిచ్చి:
ద్రాక్ష బాగుంది, ఉంచండి. పాకం మాత్రం నారికేళం. (కవిత్వంలో నోట్లో కరిగేది ద్రాక్షాపాకం, పగలగొడితే గానీ అందనిది నారికేళపాకం.)

తుంగభద్ర:
అసలు ప్రశ్న ఏమైంది? అమ్మగారిని అడిగారా?

మానేటి గట్టు:
ఇప్పుడే ఫోన్ చేశాను. "గండమో, గుండమో, గడ్డో, ఎవడు విన్నాడు? నేను వాని జోలెల బియ్యం పోస్తున్న" అంది. తుపాకి మాత్రం బాగా గుర్తుందట. మూతికి గుడ్డపేలిక కుక్కి ఉండేదట.

తుంగభద్ర:
గడ్డా! నడిగడ్డ! కృష్ణకీ తుంగభద్రకీ మధ్య ఉన్న మా గద్వాల ప్రాంతమే నడిగడ్డ. అలంపురం అందులోదే. తొమ్మిది గుళ్ళూ అక్కడే ఉన్నాయి. ఇక మీరే చెప్పండి మాస్టారూ.

గుంటూరు మాస్టారు:
"నడిగడ్డ తప్పదు" అంటే ఏమిటండీ అర్థం? బస్సు అటే పోతుందనా?