వెనక సీటు కింద మూత లేని పాత కారు: ట్యాంక్‌లోని ఫ్యూయల్ పంప్ కోసం ట్యాంక్ దించాల్సిందేనా?

కారు 2008 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, సెకండ్ హ్యాండ్. రాత్రంతా నిలిపితే పొద్దున సెల్ఫ్ చాలాసేపు కొట్టాల్సి వస్తోంది. కీ రెండు మూడుసార్లు ఆన్-ఆఫ్ చేసి కొడితే మాత్రం వెంటనే అందుకుంటుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పికప్ పడిపోతోంది.

ఫ్యూజ్, రిలే బాగున్నాయి. పంప్ నడుస్తుండగా కనెక్టర్ దగ్గర 12.9 వోల్టులు. ఫ్యూయల్ రైల్‌కు (ఇంజెక్టర్లకు పెట్రోల్ పంచే గొట్టం) ప్రెషర్ గేజ్ పెడితే ఐడిల్‌లో 3 బార్, లోడ్ మీద 2.2కి జారుతోంది. ఇంజన్ ఆపిన పది నిమిషాల్లో సున్నా. ఇంజెక్టర్లు కారడం లేదు. కాబట్టి పెట్రోల్ వెనక్కి పోకుండా ఆపే పంప్ చెక్ వాల్వ్ పట్టడం లేదని, పంప్ అడుగు జల్లెడ కూడా పూడిందని అనుకుంటున్నాను.

ఇప్పుడు అసలు సమస్య. సీటు కింద ఫ్లోర్ కోసి మూత పెడదామని మెకానిక్ అంటున్నారు. గ్రైండర్ నిప్పురవ్వల కిందే పెట్రోల్ ఆవిరి ఉంటుంది, ట్యాంక్ ఖాళీ అయితే ఆవిరి ఇంకా ఎక్కువ. అందుకే నేను ఒప్పుకోలేదు. బ్యాటరీ నెగటివ్ తీసి, పెట్రోల్ తోడేసి, జాక్ మీద చెక్క పలక పెట్టి ట్యాంక్ దించడమే మేలనిపిస్తోంది. ట్యాంక్‌ను పట్టి ఉంచే పట్టీల (స్ట్రాప్) తుప్పు పట్టిన బోల్టులు తెగకుండా ఎలా విప్పుతారు? పెట్రోల్ పోసే ఫిల్లర్ గొట్టం ముందు తీయాలా, ట్యాంక్ కాస్త దిగాకా?

పంప్ మోటారు, జల్లెడ మాత్రమే మార్చితే చాలా, అవన్నీ కలిపి ఉండే మొత్తం మాడ్యూల్ వేయాలా? మోటారు ఒక్కటే అయితే లోపలి చిన్న పైపు పెట్రోల్‌లో మునిగి ఉండేందుకే చేసినది కావాలి. మామూలు ఫ్యూయల్ పైపు బయటి పొర పెట్రోల్‌లో నానితే ఉబ్బి మెత్తబడుతుంది. అలాంటి పైపు, ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) తట్టుకునే ఓ-రింగ్ (కారకుండా వేసే రబ్బరు రింగు) హైదరాబాద్‌లో విడిగా ఎక్కడ దొరుకుతాయి?