ఇంతింతై వటుడింత... ఆ తర్వాత ‘య’ ఉందా?

హనుమకొండ:
అందరికీ నమస్కారం. నెల రోజులుగా ఒక పాత ప్రకటన నన్ను వదలడం లేదు. 1980లలో మా ఇంటికి వచ్చే వారపత్రికలో నడిమి రెండు పేజీలూ కలిపి వేశారు. బొమ్మ లేదు. ఎడమ పేజీలో అట్టడుగున, మూలకు, ఆవగింజంత ‘ఇం’. పక్కన కాస్త పెద్ద ‘తిం’. దాని పక్కన ఇంకాస్త పెద్ద ‘తై’. అలా అక్షరం వెంట అక్షరం ఎదిగి, చివరిది కుడి పేజీ పై అంచును దాటిపోయింది. దాని తల కాగితం మీద లేనే లేదు, కింద వేలాడే ఐత్వం తోక ఒక్కటే గుర్తుంది. ప్రకటన దేనికో మరిచిపోయాను. విత్తనాలకో, పొదుపు పథకానికో, పిల్లలకు పాలలో కలిపే పొడికో. నన్ను తొలుస్తున్నది వేరు. పోతన భాగవతంలో వామనుడు పెరిగే పద్యం ‘ఇంతింతై వటుడింతయై మఱియు దానింతై నభోవీథిపై’ అని మొదలవుతుంది కదా, ప్రకటనలో ఉన్నది ‘వటుడింతయై’ అనా, ‘వటుడింతై’ అనా? ఆ పేజీలు చూసినవారు ఎవరైనా ఉన్నారా?

కరీంనగర్:
నేను చూడలేదు. కానీ పోతన పద్యం తెలిసిన వాడెవడూ ‘వటుడింతై’ అని రాయడు. ఈ పద్యం శార్దూల వృత్తం. అందులో మూడో గణం, అంటే మూడో మూడక్షరాల గుంపు, జగణం (లఘువు, గురువు, లఘువు), ఇక్కడ ‘తయైమ’. ‘య’ను మింగేస్తే అక్కడ ‘తైమఱి’ వచ్చి భగణం (గురువు, రెండు లఘువులు) అవుతుంది. పదమూడో అక్షరంగా నిలిచి మొదటి ‘ఇం’తో యతి, అంటే అక్షర మైత్రి, కలపవలసిన ‘నిం’ పన్నెండో చోటికి జారుతుంది. ఒక్క అక్షరంతో పాదమంతా కూలుతుంది.

పాలకుర్తి:
కరీంనగర్ అన్న గణాలు సరిగానే కట్టారు. కానీ ప్రకటనలో పాదమంతా లేదు కదా, రెండు మాటలే ఉన్నాయి. ‘మఱియు దానింతై’ రాని చోట యతి ఎవరికి కావాలి? మాత్రలు లెక్కపెట్టండి, పొట్టి అక్షరానికి ఒకటి, పొడుగుదానికి రెండు. ‘ఇంతింతై’ ఆరు, ‘వటుడింతై’ ఆరు. ‘వటుడింతయై’ అంటే ఏడు. పద్యంలోంచి ఆ రెండు మాటలనూ విడిగా తీసేసరికి చెవి తనంతట తానే ఆరూ ఆరూ చేసుకుంటుంది. పత్రికల శీర్షికల్లో, సన్మాన సభల్లో ‘ఇంతింతై వటుడింతై’ అనే ఎక్కువగా వినబడటానికి కారణం అదే. తెలియక చేసిన తప్పు అనను. ప్రకటన రాసినవారికి మంచి చెవి ఉంది అంటాను. పైగా పోతన కూడా ఒకచోట ‘అంతై’ అన్నాడు, ‘చంద్రుని కంతయై’ అని ఇంకోచోట అన్నాడు. రెండు రూపాలూ ఆయనవే. పోతనది మా ఊరి పక్క బమ్మెరే, ఆయన చెవి సంగతి మాకు కొంచెం తెలుసు.

కరీంనగర్:
బమ్మెర పక్కన ఉన్నంత మాత్రాన యతి మారదు సార్. రెండు రూపాలూ ఆయనవే, ఒప్పుకుంటాను. ఏది ఎక్కడ పెట్టాలో నిర్ణయించిందీ ఆయనే. ఆయన పెట్టిన చోటు నుంచి కదపడం ఎందుకు?

మంచిర్యాల:
నేను పాతికేళ్లు అచ్చు పనిలో ఉన్నాను, ఆ వైపు నుంచి చెబుతాను. సీసపు అక్షరాలకు కొలతలు ముందే పోత పోసి ఉంటాయి. పన్నెండు పాయింట్లు, ఇరవై నాలుగు, ముప్పై ఆరు, అలా. మెట్టుమెట్టుగా అన్ని పరిమాణాలు, అదీ పేజీ ఎత్తు దాకా, పోత అక్షరాలతో కుదరవు. కాబట్టి చిత్రకారుడు చేత్తో గీసిన అక్షరాలే అయి ఉంటాయి. నడిమి పేజీలు ఎందుకు కొన్నారో కూడా చూడండి. మిగతా చోట్ల ఎదురెదురు పేజీలు వేరు వేరు కాగితాల మీద అచ్చవుతాయి, మడతలో అక్షరం ఒక నూలు ఎత్తుకో పల్లానికో పోతుంది. నడిమిది ఒకే కాగితం. గీత చెదరదు. అలాంటి పని తెలిసిన మనిషి అక్షరాన్ని పిన్ను కిందికి పోనివ్వడు. ‘య’తో కలిపితే ఎనిమిది అక్షరాలు, పేజీకి నాలుగు. లేకుంటే ఏడు, నడిమిది మడతలో పడుతుంది. కనుక ‘య’ ఉంది.

పాలకుర్తి:
అక్షరాలన్నీ ఒకే కొలత అయితే మీ మాట నిజం. ఇవి పెరుగుతున్నాయి కదా సార్! చిన్నవి ఎడమ పేజీలోనే ఎక్కువ పడతాయి. నాలుగూ నాలుగూ ఎలా అవుతాయి?

మంచిర్యాల:
అవును. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. చేత్తో గీశారన్నది మాత్రం నిలుస్తుంది.

జగిత్యాల:
నాకు ‘య’ కన్నా ‘ఇంత’ ముఖ్యం. ‘ఇంత’ అనే మాట నోటితో ఒక్కటే పలికితే పూర్తి కాదు, చెయ్యి ఎత్తి చూపాలి. మా అమ్మమ్మ ‘అప్పుడు నువ్వు ఇంత ఉండేదానివి’ అంటూ అరచేతిని మోకాలి దగ్గర పెట్టేది. పోతన మొదటి పాదం చూడండి, ఉన్నవన్నీ ‘ఇంత’లే. వటుడు ఇంకా మన చేతికి అందే ఎత్తులో ఉన్నాడు. ‘నభోవీథిపై’ అనగానే ‘అంతై’ వచ్చింది. మేఘాల మీద ‘అల్లంతై’. ఆ తర్వాత వెలుగుల రాశి, చంద్రుడు, ధ్రువుడు, మహర్లోకం దాకా ‘ఇంత’ మళ్లీ రాదు. చెయ్యి చూపే ఎత్తు దాటిపోయాడు. ఇరవై ఏళ్లు ఈ పద్యం పిల్లలకు చెప్పి, ఆ మలుపు దగ్గర నా గొంతు ఒక్కసారైనా మామూలుగా ఉన్నది లేదు. అచ్చు కాగితానికి చెయ్యి ఉండదు. ఆ ప్రకటన అక్షరాన్నే చెయ్యిగా చేసుకుంది. అందుకే హనుమకొండ అన్నకు సరుకు పేరు పోయి అక్షరాలు మిగిలాయి.

కరీంనగర్:
అక్కా, ‘ఇంత’ ‘అంత’ సంగతి ఇన్నేళ్లలో నాకు తట్టలేదు. నమస్కారం. దానికి తోడు గజేంద్రమోక్షంలో ‘అల వైకుంఠపురంబులో’ చదవండి. అక్కడ దారి తలకిందులు. పురం, నగరి, ఆ మూల సౌధం, దాని పక్క మందారవనం, అందులో సరస్సు, దాని ఒడ్డున చంద్రకాంత శిల మీద కలువల పాన్పు. దూరం నుంచి దగ్గరికి, పెద్దదాని నుంచి చిన్నదానికి. ఒకచోట కన్ను లోపలికి దిగుతుంది, ఒకచోట పైకి ఎక్కుతుంది.

సిరిసిల్ల:
చిన్నదాని బలం అంటే గుర్తుకొచ్చింది. 1959లో అమెరికాలో ఫోక్స్‌వాగన్ బీటిల్ కారుకు ఇచ్చిన ప్రకటన. పేజీలో ఎక్కువ భాగం ఖాళీ, ఎడమ పక్క పైమూలన వేలెడంత కారు, కింద ‘చిన్నగా ఆలోచించు’ అనే అర్థం వచ్చే రెండు మాటలు. పెద్ద కార్ల కాలంలో ఆ ఖాళీయే చూపును పట్టుకుంది. మన ప్రకటన ఆ ఖాళీని అక్షరాలతో ఎక్కించింది. ఒక అనుమానం మాత్రం ఉంది. అది పొదుపు పథకానిదే అయితే ఈ పద్యం ఎంచుకోవడం సరికాదు. వటుడు పెరిగింది మూడడుగులు అడిగి బలి సర్వస్వాన్నీ తీసుకోవడానికి. డబ్బు దాచుకునేవాడిని బలి స్థానంలో నిలబెడతారా?

జగిత్యాల:
అందుకే పిల్లల పొడిదే అని నా నమ్మకం. వటుడంటే బ్రహ్మచారి, చిన్నపిల్లవాడు. ఎదిగే పిల్లవాడికి అంతకన్నా సరిపోయే మాట ఏముంది?

పాలకుర్తి:
విత్తనాలకు కూడా సరిపోతుంది. వటం అంటే మర్రి. మర్రి విత్తనం ఎంత, చెట్టు ఎంత!

కరీంనగర్:
వటం వేరు, వటుడు వేరు. ఆ రెండింటినీ ముడివేయకండి సార్.

హనుమకొండ:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఊళ్లో మా తమ్ముడు పాత పెట్టె తెరిచాడు. ఆ నడిమి కాగితాన్ని అప్పట్లో నా తెలుగు నోటుబుక్కుకు అట్టగా వేశాం. పుస్తకం దొరికింది. నాన్నగారు మడతలు ఎంత శ్రద్ధగా పెట్టారో, మూలలు ఇంకా పదునుగానే ఉన్నాయట. పిన్నులు ఊడదీసిన రెండు రంధ్రాలు సరిగ్గా పుస్తకం వెన్ను మీదకు వచ్చాయి. వెనుక అట్ట, అంటే ఎడమ పేజీ, నిండుగా ఉంది. ఇం, తిం, తై, వ, టు, డిం. ‘డిం’ దగ్గర ఆగింది. ముందు అట్ట చిరిగిపోయింది. వెన్నును ఆనుకుని పిసరంత నల్లటి వంపు మిగిలింది. అది ‘త’కు మొదలో ‘తై’కి మొదలో పోల్చలేకపోయాను.

మంచిర్యాల:
ఆ పుస్తకం పారేయకండి. స్కేలు పెట్టి ఆరు అక్షరాల ఎత్తూ వెడల్పూ విడివిడిగా కొలిచి ఇక్కడ పెట్టండి. మెట్టుకు ఎంత పెరిగిందో తేలితే, కుడి పేజీలో ఒకటే అక్షరం పట్టేదో రెండు పట్టేవో లెక్క వేయవచ్చు.

పాలకుర్తి:
‘డిం’ పక్కనున్న సున్నాను వేరుగా కొలవండి.